నాడకచేరి నుంచి జ్ఞానభారతి దాకా

కర్ణాటకలో ఉన్నత చదువుల సామాజిక న్యాయం చాలావరకు ఒక నంబరు మీద నడుస్తుంది. కుల ధ్రువపత్రం మీద ‘ఆర్‌డీ’ అనే రెండక్షరాలతో మొదలయ్యే నంబరు అది. బెంగళూరు అంచునున్న ఆనేకల్ తాలూకా వాళ్లకు దాన్ని ఇచ్చేది నాడకచేరి, అంటే స్థానిక రెవెన్యూ కార్యాలయం. ఆ నంబరును ప్రవేశ దరఖాస్తులో కొడితే విద్యార్థి పేరు, కులం, కేటగిరీ తెర మీదికి వస్తాయి. స్కాలర్‌షిప్ పోర్టల్‌కూ అదే కావాలి. పదో తరగతి మార్కుల కార్డులో ‘వెంకటేశ్’ అని, ధ్రువపత్రంలో ‘వెంకటేశప్ప’ అని ఉందంటే మళ్లీ కచేరి మెట్లెక్కాల్సిందే. డిగ్రీలో ఎన్ని మార్కులొచ్చాయన్నది ఆ తర్వాతి మాట.

ఆ నంబరుతో తలుపు తట్టేది ఎక్కువగా బెంగళూరు విశ్వవిద్యాలయాన్ని. 1964లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి విడిపడి పుట్టిన ఈ సంస్థ ప్రాంగణం పేరు జ్ఞానభారతి. మైసూరు రోడ్డు పక్కన వెయ్యెకరాలకు పైగా విస్తరించిన అడవిలాంటి చోటు. విద్యార్థుల సంఖ్య మోయలేనంత పెరిగిందని 2017లో దీన్ని మూడు ముక్కలు చేశారు. ఉత్తరపు ముక్క కోలారుకు పోయింది, నడిమి ముక్క సెంట్రల్ కాలేజీ పాత భవనాల్లో కూర్చుంది, పాత పేరు జ్ఞానభారతికే మిగిలింది. ముక్కలైనా రాష్ట్రంలోని పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఇది ఒకటి. ఎవరిని లోపలికి రానివ్వాలి, వచ్చినవాళ్లను ఎలా నిలబెట్టాలి అన్న ప్రశ్న ఇక్కడ ఏటా ప్రవేశాల వేళ కొత్తగా లేస్తుంది.

మొదటి ప్రశ్నకు రాష్ట్రం అంకెల్లో జవాబిచ్చింది. 2022 చివర్లో తెచ్చి, మరుసటి ఏడాది చట్టం చేసిన మార్పు ప్రకారం ఎస్సీలకు 17 శాతం, ఎస్టీలకు 7 శాతం. అంతకుముందు ఇవి 15, 3. వెనకబడిన తరగతుల్లో కేటగిరీ–1కి 4, 2ఏకి 15, 2బీకి 4, 3ఏకి 4, 3బీకి 5. మొత్తం 56 శాతం. సుప్రీంకోర్టు పెట్టిన 50 శాతం గీతకు అవతల ఆరడుగులు.

మైసూరు గీసిన గీత

ఆ 50 శాతం గీత పుట్టింది కూడా ఇక్కడే కావడం చిత్రం. 1962 జులైలో అప్పటి మైసూరు ప్రభుత్వం ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీల్లో 68 శాతం సీట్లను రిజర్వు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. సీటు రాని విద్యార్థులు కోర్టుకెక్కారు. ఎం.ఆర్. బాలాజీ కేసుగా పేరుపడిన ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో ఉత్తర్వును కొట్టేసింది. కేటాయింపులు స్థూలంగా సగానికి లోబడి ఉండాలంది. దేశమంతా ఈ రోజుకూ తలపడుతున్న సంఖ్య మైసూరు కాలేజీ సీట్ల తగాదాలో తేలినదే.

అంతకు నలభై ఏళ్ల ముందే మైసూరు సంస్థానం ఈ దారిలో నడక మొదలుపెట్టింది. కొలువుల్లో బ్రాహ్మణేతరుల వాటా ఎంతో చూడమని నాలుగో కృష్ణరాజ ఒడెయరు 1918లో ప్రధాన న్యాయమూర్తి లెస్లీ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. కమిటీ సిఫారసుల మీద 1921లో ఉత్తర్వులొచ్చాయి. దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్యకు ఈ ఆలోచన నచ్చలేదు. ఉద్యోగానికి సమర్థతే కొలబద్ద కావాలన్నది ఆయన పట్టు. 1918 చివరికి ఆయన పదవి వదిలారు. ఆంధ్రలోని ఒక ఊరిపేరును ఇంటిపేరుగా మోసుకొచ్చిన కుటుంబంవాడు, మైసూరుకు ఆనకట్టలూ కర్మాగారాలూ ఇచ్చినవాడు ఈ విషయంలో రాజుతో ఏకీభవించలేకపోయాడు. నూరేళ్ల తర్వాత కూడా విశ్వవిద్యాలయ క్యాంటీన్లలో జరిగే వాదన ఆ ఇద్దరి మధ్య జరిగిందే; కొత్తగా చేరింది తక్కువ.

ముఖ్యమంత్రి దేవరాజ అరసు హయాంలో ఎల్.జి. హావనూరు కమిషన్ 1975లో ఇచ్చిన నివేదిక నేటి కేటగిరీల చట్రానికి పునాది వేసింది. దాని మీదా కేసులు పడ్డాయి. 1985లో వసంతకుమార్ కేసు విన్న ధర్మాసనంలో ఓ తెలుగు న్యాయమూర్తి ఉన్నారు, ఓ. చిన్నపరెడ్డి. పేదల హక్కును ‘సమర్థత’ పేరుతో తోసిపుచ్చడం కుదరదని గట్టిగా రాసినవారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మీదుగా సుప్రీంకోర్టుకు చేరిన ఆయన్నే పదవీ విరమణ తర్వాత కర్ణాటక మూడో వెనకబడిన తరగతుల కమిషన్‌కు అధ్యక్షుణ్ని చేసింది. నివేదిక 1990లో వచ్చింది. ఎవరిని ఏ మెట్టు మీద నిలపాలో తేల్చే పని కన్నడ సీమలో ఒక తెలుగువాడి చేతికి వచ్చిందన్నమాట.

సరిహద్దు దాటితే మెట్టు మారుతుంది

ఆనేకల్ తాలూకాలో తెలుగు ఇళ్లు కొత్తగా వచ్చినవి కావు. అత్తిబెలె చెక్‌పోస్టు దాటితే తమిళనాడు, హోసూరు. తూర్పుకు పోతే మాలూరు, కోలారు, ఆ పైన కుప్పం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సంతలో తమిళం అన్నది ఇక్కడ మామూలు సంగతి. అయితే కులం పేరు ఒకటే అయినా రాష్ట్రం మారితే దాని మెట్టు మారిపోతుంది.

రెడ్డి కులాన్నే తీసుకుంటే, కర్ణాటకలో వొక్కలిగలతోపాటు 3ఏలో ఉంది, అంటే వెనకబడిన తరగతే. అదే ఇంటిపేరుతో చిత్తూరులో ఉన్న పెదనాన్న కొడుకు ఓసీ. బలిజల కథ ఇంకా విడ్డూరం. కర్ణాటకలో వాళ్లను 1994లో 2ఏ నుంచి 3ఏకి మార్చారు. చాలా ఏళ్ల ఆందోళన తర్వాత మళ్లీ 2ఏలోకి తెచ్చారు, కానీ చదువు వరకే. ఉద్యోగం దగ్గరికొచ్చేసరికి ఇంకా 3ఏ. ఒకే మనిషి విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఒక మెట్టు మీద ఉంటాడు, అదే విశ్వవిద్యాలయంలో గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెడితే ఇంకో మెట్టు మీద ఉంటాడు. ఇందులో సామాజిక శాస్త్రం ఎంత, ఎన్నికల లెక్క ఎంత అనేది విడదీయడం కష్టం.

ఉద్యోగం కోసం వలస వచ్చినవాళ్ల సంగతి మరీ ఇరుకు. బొమ్మసంద్ర, జిగణి ఫ్యాక్టరీల్లో, ఎలక్ట్రానిక్ సిటీలో పనిచేసే తెలుగు కుటుంబాలకు ఆంధ్ర, తెలంగాణ నుంచి తెచ్చుకున్న కుల ధ్రువపత్రం ఇక్కడి సీటుకు పనికిరాదు. ఈ సూత్రాన్ని స్థిరపరిచిన కేసు ఒక తెలుగు కుర్రాడిదే. తెనాలిలో పుట్టిన మర్రి చంద్రశేఖరరావుది ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీగా గుర్తింపు ఉన్న సముదాయం. తండ్రికి ఎరువుల సంస్థలో ఎస్టీ కోటా కింద ఉద్యోగం వచ్చి బొంబాయి వెళ్తే, తొమ్మిదేళ్ల వయసులో తనూ వెళ్లాడు. అక్కడే పెరిగి మెడికల్ సీటుకు దరఖాస్తు పెట్టాడు. తండ్రికి ఉద్యోగమిచ్చిన హోదా కొడుక్కి సీటివ్వదని 1990 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. ఒక కులం ఎంత అణగారిందనేది ఆ రాష్ట్రపు పరిస్థితులను బట్టి ఉంటుంది, రాష్ట్రం దాటాక ఆ హోదా వెంట రాదు అన్నది తీర్పు సారం. తర్కంగా చూస్తే సబబే అనిపిస్తుంది. అంటరానితనం మాత్రం రైలెక్కి వెంట వస్తుంది.

సొంతూరికి తిరిగి వెళ్దామన్నా తలుపులు వారగానే తెరుచుకుంటాయి. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో రాజ్యాంగంలోని 371–డి అధికరణ కింద 85 శాతం సీట్లు స్థానికులవి. మిగతా 15కీ తల్లిదండ్రులు రాష్ట్రంలో పదేళ్లు ఉండటం వంటి షరతులున్నాయి. ఇటు కర్ణాటకలో ఇంజినీరింగ్ వంటి వృత్తివిద్యా కోర్సుల సీట్లకు సాధారణంగా ఏడేళ్ల స్థానిక చదువు చూపాలి. పిల్ల ఆరో తరగతిలో ఉండగా ఇల్లు మారిన కుటుంబం ఆ ఏడేళ్లను వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఇంటర్ అయ్యేదాకా ఊపిరి బిగబట్టాలి. 1997లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పొరుగు రాష్ట్రాల తోడుతో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం పెట్టడానికి ఇలాంటి సరిహద్దు మనుషులూ ఒక కారణమే.

మాదిగకు నాలుగు లెక్కలు

ఎస్సీ కోటాలోనూ అందరికీ సమానంగా అందడం లేదన్న మాట తెలుగు నేల మీద గట్టిగా లేచింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా దానికి గొంతు. 2000లో ఆంధ్రప్రదేశ్ ఎస్సీలను నాలుగు వర్గాలు చేస్తూ చట్టం తెచ్చింది. 2004లో ఈ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, దవీందర్ సింగ్ కేసులో ఏడుగురి ధర్మాసనం ఆ మాటను వెనక్కి తీసుకుని, వర్గీకరణ చేసుకోవచ్చంది.

తర్వాత ఏడాదిలోనే మూడు రాష్ట్రాలు మూడు లెక్కలు వేశాయి. తెలంగాణ 15 శాతాన్ని 1, 9, 5గా విడగొట్టి మాదిగలున్న వర్గానికి 9 ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా చేసింది, మాదిగల వంతుకు 6.5 వచ్చింది. కర్ణాటక మంత్రివర్గం 2025 ఆగస్టులో తన 17ను 6, 6, 5గా పంచాలని నిర్ణయించింది. మాదిగల వర్గానికి 6. ఇక ఆనేకల్ నుంచి బస్సులో వెళ్లగలిగే హోసూరులో, మాదిగ, ఆది ఆంధ్ర సహా ఏడు కులాలను అరుంధతీయులుగా కలిపి 18 శాతంలో 3 శాతం కేటాయించే చట్టం 2009 నుంచే ఉంది.

ఈ ‘ఆది ఆంధ్ర’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మాల, మాదిగ అన్న పేర్లను తిట్లుగా వాడే రోజుల్లో, తామే ఈ నేల ఆదివాసులమని చాటుకుంటూ గత శతాబ్దపు మొదటి దశకాల్లో ఎత్తుకున్న గౌరవనామం అది. ఆది కర్ణాటక, ఆది ద్రావిడ కూడా అలాంటివే. ఆ పేరే ఇప్పుడు చిక్కు తెచ్చింది. ధ్రువపత్రంలో ఆది ఆంధ్ర అని ఉన్న విద్యార్థి మాదిగలుండే ‘ఎడమ’ వర్గమా, మాలలుండే ‘కుడి’ వర్గమా అనేది ఆ పేరును బట్టి తెలియదు. లెక్కలు తీసిన జస్టిస్ నాగమోహన్‌దాస్ కమిషన్ ఈ మూడు పేర్లవాళ్లకు విడిగా 1 శాతం పెట్టమంది. మంత్రివర్గం దాన్ని తీసేసి వాళ్లను పెద్ద వర్గాల్లో కలిపేసింది. తాతలు అవమానాన్ని తుడుచుకోవడానికి పెట్టుకున్న పేరు మనవల దరఖాస్తులో ఏ గడిలో పడాలో తేలని పేరైంది.

ఊరు పట్టణమైతే

కులం కాక కర్ణాటక కొలిచే ఇంకో రెండు కొలతలు గ్రామీణం, కన్నడ మాధ్యమం. వృత్తి విద్యా ప్రవేశాల్లో ఒకటి నుంచి పదో తరగతి దాకా పల్లెల్లో చదివినవాళ్లకు 15 శాతం, కన్నడంలో చదివినవాళ్లకు 5 శాతం ప్రతి కేటగిరీలోనూ అడ్డంగా కేటాయిస్తారు. ఆలోచన మంచిది. ఆనేకల్‌లో మాత్రం నేల కాళ్ల కింద కదిలిపోతోంది. చందాపుర, అత్తిబెలె, జిగణి, బొమ్మసంద్ర నిన్నటిదాకా గ్రామ పంచాయతీలు, ఇవాళ పురసభలు. హెబ్బగోడి నగరసభే అయింది. బోర్డు మారినా బడి మారలేదు, ఉపాధ్యాయులూ వాళ్లే, కానీ గ్రామీణ కోటా లెక్క తారుమారవుతుంది. కన్నడ మాధ్యమం కోటా తెలుగింటి పిల్లలు చాలామందికి అక్కరకొస్తుంది, ఎందుకంటే వాళ్లు చదివేది కన్నడ బడుల్లోనే. అమ్మభాష ఒకటి, కోటా భాష ఒకటి, పీజీ తరగతిలో పాఠం చెప్పే భాష ఇంగ్లీషు.

సీటు దొరికాక మొదటి దెబ్బ తగిలేది ఆ మూడో భాష దగ్గరే. పరీక్ష కన్నడంలో రాసే వీలున్నా చదవాల్సిన పుస్తకాలు ఇంగ్లీషులో ఉంటాయి. చిన్ననాడు బడిలో నేర్చిన భాషలో ఆలోచించి, ఇరవై ఒకటో ఏట పట్టుబడుతున్న భాషలో సెమినార్ ఇవ్వాలంటే తెలివి చాలదు, సమయం కావాలి. విశ్వవిద్యాలయాల దగ్గర అన్నిటికంటే తక్కువ ఉన్నది అదే.

డబ్బు సంగతి కొంత మెరుగు. ప్రభుత్వ హాస్టలు దొరకని వెనకబడిన తరగతుల విద్యార్థులకు ‘విద్యాసిరి’ కింద నెలకు 1,500 రూపాయలు, ఏడాదిలో పది నెలలు ఇస్తారు. బెంగళూరులో ఆ డబ్బుకు పేయింగ్ గెస్ట్ గదిలో మంచంలో సగం కూడా రాదు. ఆడపిల్లలకు అసలైన తేడా తెచ్చింది విద్యాశాఖ పథకం కాదు, రవాణాశాఖది. 2023 జూన్ 11న మొదలైన ‘శక్తి’ పథకంతో ప్రభుత్వ బస్సుల్లో స్త్రీలకు సున్నా టికెట్. ఆనేకల్ నుంచి జ్ఞానభారతికి రోజూ రెండు మూడు బస్సులు మారి వెళ్లాల్సిన అమ్మాయికి, నెల బస్ పాస్ డబ్బు ఇంట్లో అడగక్కర్లేకపోవడం అంటే పెళ్లి మాట ఒక ఏడాది వాయిదా పడటం. తెలంగాణ అదే ఏడాది డిసెంబరులో, ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టులో ఇదే బాట పట్టాయి.

వికలాంగులకు 2016 చట్టం ప్రకారం 5 శాతం సీట్లు, వయసులో ఐదేళ్ల సడలింపు. పరీక్షలో రాసిపెట్టే మనిషి, గంటకు ఇరవై నిమిషాల అదనపు సమయం. సీటు కాగితం మీద దొరుకుతుంది; పాత భవనాల్లో రెండో అంతస్తులో తరగతి పెడితే కాగితం మెట్లెక్కించదు.

పద్నాలుగో కుర్చీ

తరగతిలో ఎదురుగా కూర్చున్నవాళ్లలో వచ్చినంత మార్పు బల్ల అవతల నిలబడి పాఠం చెప్పేవాళ్లలో రాలేదు. కారణం తెలియాలంటే పోస్టులకు వరసగా వంతులు వేసే రోస్టర్ పనిచేసే తీరు చూడాలి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల లెక్కే తీసుకుంటే ఓబీసీ 27, ఎస్సీ 15, ఎస్టీ 7.5 శాతం. నూరును 27తో భాగిస్తే 3.7, అంటే ఓబీసీకి మొదటి వంతు నాలుగో పోస్టు. 15తో భాగిస్తే ఆరున్నర దాటుతుంది, కాబట్టి ఎస్సీకి ఏడోది. 7.5తో భాగిస్తే 13.3, ఎస్టీకి పద్నాలుగోది.

ఈ లెక్కను విశ్వవిద్యాలయం మొత్తానికి వేస్తే అందరికీ వంతు వస్తుంది. శాఖకు శాఖ విడిగా వేస్తే? ముగ్గురు అధ్యాపకులున్న భాషాశాఖలో ఎవరికీ రాదు. పదిమంది ఉన్న శాఖలో ఎస్టీ అభ్యర్థికి వంతు ఇప్పట్లో రాదు. 2017లో అలహాబాద్ హైకోర్టు శాఖనే యూనిట్‌గా తీసుకోమంది, యూజీసీ 2018 మార్చిలో అలాగే ఉత్తర్వులిచ్చింది, సుప్రీంకోర్టు 2019 జనవరిలో జోక్యానికి నిరాకరించింది. దేశమంతా అధ్యాపకులు రోడ్డెక్కారు. రెండు నెలలకే ఆర్డినెన్సు, జులైలో చట్టం వచ్చి విశ్వవిద్యాలయాన్నే మళ్లీ యూనిట్ చేశాయి. రిజర్వేషన్ శాతాల్లో ఒక్క పాయింటు కూడా మార్చకుండా, లెక్కపెట్టే చోటు మార్చి తలుపు మూయవచ్చని ఆ ఏడాది అందరికీ తెలిసింది.

వెలివాడ

లోపలికి వచ్చాక ఏం జరుగుతుందన్న ప్రశ్నను దేశం ముందు పెట్టింది తెలుగు నేల మీది కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఆరు సూత్రాల పథకం ఫలంగా 1974లో పుట్టిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో, 2015 ఆగస్టులో విద్యార్థి సంఘాల మధ్య గొడవ తర్వాత ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులపై చర్య తీసుకున్నారు. వాళ్లకు హాస్టల్ ప్రవేశం లేకుండా పోయింది. ప్రాంగణంలోని దుకాణాల దగ్గర గుడారం వేసుకుని, దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టి చలిలో పడుకున్నారు. ఊరి చివరి వాడకు ఊరు పెట్టిన పేరును విశ్వవిద్యాలయం నడిబొడ్డున నిలబెట్టారు. 2016 జనవరి 17న వారిలో ఒకరైన రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి నెలల తరబడి ఫెలోషిప్ అందలేదు.

అతను పోయాక నడిచిన వాదన అతని చావు గురించి కాక కులం గురించి సాగింది. తల్లి మాల, తండ్రి వడ్డెర. కాబట్టి అతను ఎస్సీనా, బీసీనా? 2024 మేలో తెలంగాణ పోలీసులు అతను ఎస్సీ కాదంటూ కేసు మూసివేతకు నివేదిక పెట్టారు, నిరసన రేగాక మళ్లీ దర్యాప్తు అన్నారు. బతికున్నప్పుడు సీటుకు అడిగిన కాగితాన్ని చనిపోయాక న్యాయానికీ అడిగారు.

2025లో కర్ణాటక ప్రభుత్వం, ఉన్నత విద్యాసంస్థల్లో వివక్షను నేరం చేసే ముసాయిదా బిల్లును రోహిత్ పేరుతోనే సిద్ధం చేసింది. సముద్రం అవతల, అప్పటికి 23 ప్రాంగణాలున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022 జనవరిలోనే తన వివక్ష నిషేధ విధానంలో కులం అన్న మాట చేర్చింది. తెలుగు పిల్లలు పెద్ద సంఖ్యలో చదివే రాష్ట్రమది. మొత్తం రాష్ట్రానికి అలాంటి చట్టం తేవాలని శాసనసభ ఆమోదించిన బిల్లును మాత్రం గవర్నర్ 2023 అక్టోబరులో వెనక్కి పంపారు. వీసాకు పెట్టే కాగితాల్లో కుల ధ్రువపత్రం ఉండదు. అయినా ఇంటిపేరు, ఊరిపేరు, తినే తిండి అడిగి ఆరా తీయడం అక్కడి అద్దె గదుల్లోనూ తెలిసిన విద్యే.

ఇక్కడి విశ్వవిద్యాలయాలకు యూజీసీ 2012లోనే సమత నిబంధనలు ఇచ్చింది. ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష ఫిర్యాదులు వినే ఒక అధికారి ఉండాలి. అవి అమలు కావడం లేదని రోహిత్ తల్లి రాధిక, ముంబయిలో చనిపోయిన వైద్య విద్యార్థిని పాయల్ తడ్వీ తల్లి ఆబిదా 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ కేసు నడుస్తుండగా యూజీసీ 2026 జనవరి 13న కొత్త నిబంధనలు ప్రకటించింది. సమత కమిటీలు, ఇరవై నాలుగు గంటల హెల్ప్‌లైన్ వాటిలో ఉన్నాయి, ఓబీసీలనూ రక్షణ కిందికి తెచ్చారు. కుల వివక్ష నిర్వచనంలో జనరల్ కేటగిరీ విద్యార్థులను వదిలేశారని ఆందోళనలు లేచాయి. జనవరి 29న సుప్రీంకోర్టు వాటిని ఆపి, 2012 నాటివే నడవనిమ్మంది. ఆ పాత నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయంలో ఫిర్యాదు వినే అధికారి బయటివాడు కాడు, అదే విశ్వవిద్యాలయంలో పనిచేసే ఒక ప్రొఫెసర్.